ఖాళీ గడికి పచ్చరంగు

నా ఉద్యోగ జీవితంలో నేను చూసిన అతిపెద్ద అబద్ధం, పారదర్శకతకు అవార్డు తెచ్చుకున్న ఊళ్ళోనే కనిపించింది. విచిత్రమేమిటంటే ఆ అబద్ధాన్ని ఎవరూ దాచలేదు. నగర ప్రభుత్వం వెబ్‌సైట్‌లో, ఎవరైనా చూసుకోవచ్చంటూ, పచ్చటి చుక్కల రూపంలో పెట్టారు. ఊరి పేరు చెప్పను. కాలిఫోర్నియా బే ఏరియాలో అలాంటి ఊళ్ళు చాలా ఉన్నాయి, ఎవరికి వాళ్ళు తమదే అనుకున్నా నాకేమీ అభ్యంతరం లేదు.

నేను ఆ నగర ఆడిటర్ కార్యాలయంలో పనిచేసి రిటైరయ్యాను. ఆడిటర్ అనగానే మనవాళ్ళు లెక్కలనుకుంటారు. ఆ పక్కనే డబ్లిన్ అనే ఊళ్ళో మా ఇంటికి భోజనానికొచ్చిన పిల్లల్లో "ఆంటీ, మా ట్యాక్స్ ఫైలింగ్ ఒకసారి చూస్తారా?" అని అడగనివాళ్ళు తక్కువ. నా పని అది కాదు. ప్రజలకు ఇస్తామన్న సమాచారాన్ని ప్రభుత్వం నిజంగా ఇస్తోందా, ఇచ్చింది నిజమేనా, మామూలు మనిషి దాన్ని తెరిచి అర్థం చేసుకోగలడా అని పరీక్షించడం నా పని. మీలో చాలామంది సన్నీవేల్‌లోనో శాంటా క్లారాలోనో కూర్చుని అలాంటి పట్టికలే పోగుచేసి, రంగులు వేసి, పైవాళ్ళకు చూపిస్తుంటారు. అందుకే మీకు చెప్పాలనిపించింది. నీతులు చెప్పే వయసు వచ్చిందని కాదు, ఆనాటి కడుపుమంట ఇంకా చల్లారలేదు గనుక.

మా నగర సభామందిరం బయట పొడవాటి కారిడార్ ఒకటి ఉంది. అక్కడ గోడకు ఒకప్పుడు తాగునీటి కొళాయి ఉండేది, మీట నొక్కితే నీళ్ళు పైకి చిమ్మే రకం. నేను ఉద్యోగంలో చేరిన రోజు నుంచి నా సీసా అక్కడే నింపుకునేదాన్ని. భవనానికి కొత్త హంగులు చేసినప్పుడు దాన్ని పీకేశారు. ఆ చోట పెద్ద కుండీలో ఒక మొక్కను పెట్టి, దాని పైన గోడకు పారదర్శకత అవార్డు తగిలించారు. నా కొళాయి పోయిందన్న ఉక్రోషంతో ఆ అవార్డు వైపు నేనెప్పుడూ ప్రేమగా చూడలేదు.

ఆ అవార్డు వచ్చే పద్ధతి మీకు చెప్పాలి. నగరాలు తమ సమాచారాన్ని పట్టికలుగా వెబ్‌సైట్‌లో పెడతాయి. బయటి సంస్థ ఒకటి వాటికి మార్కులు వేస్తుంది. ఎన్ని పట్టికలు పెట్టారు, సమయానికి పెట్టారా, గడులన్నీ నిండి ఉన్నాయా అని చూస్తుంది. అంకె ఉండాల్సిన గడి ఖాళీగా కనిపిస్తే మార్కు కోస్తుంది. గడిలో ఉన్నది నిజమా కాదా అన్నదానికి మాత్రం మార్కులు లేవు. అది చూడటానికి మనిషి కావాలి, మార్కులు వేసేది యంత్రం.

ఆ ఏడాది మాకు అప్పగించిన పని తాగునీటి మ్యాపు. పాత గొట్టాల్లోంచి నీళ్ళలోకి సీసం దిగుతుందన్న భయంతో, పార్కుల్లోనూ లైబ్రరీల్లోనూ నగర ప్రభుత్వ భవనాల్లోనూ ఉన్న కొళాయిలన్నీ పరీక్షించి ఫలితాలు మ్యాపు మీద పెడతామని నగర కౌన్సిల్ మాట ఇచ్చింది. పాత జాబితాలోని ఒక్కో కొళాయికి ఒక చుక్క. సీసం హద్దు లోపల ఉంటే పచ్చ, దాటితే ఎరుపు. చూడటానికి ముచ్చటగా ఉండేది. దాదాపు ఊరంతా పచ్చగా ఉండేది.

నాతో కలిసి ఆ పని చేసిన సహోద్యోగి చిన్నప్పుడే ఫిలిప్పీన్స్ నుంచి వచ్చినవాడు. భారీ మనిషి, మెల్లగా నడిచేవాడు, మెల్లగా తినేవాడు, ఎవరేమన్నా కోపం తెచ్చుకునేవాడు కాదు. నాకు అది కాస్త ఎక్కువ కనుక మా ఇద్దరినీ ఎప్పుడూ జంటగా వేసేవారు. నేను మాటలు పడేసి వస్తే అతను వెనకాలే వచ్చి ఏరుకునేవాడు. మ్యాపు ముందు కూర్చుని చాలాసేపు బుగ్గ గోక్కుని అతనే మొదట పట్టుకున్నాడు.

"ఇన్ని కొళాయిలకు సరిగ్గా సున్నా ఎలా వచ్చింది?" అన్నాడు. వాళ్ళందరూ మాట్లాడింది ఇంగ్లీషే, నా తెలుగులో చెబుతున్నాను.

ల్యాబ్‌వాళ్ళు సున్నా అని రాయరు. వాళ్ళ యంత్రానికి కూడా ఒక హద్దు ఉంటుంది కనుక 'కొలవగలిగినంత లేదు' అని రాస్తారు. మేం ఆ సున్నాల పక్కన పరీక్ష తేదీ చూశాం. తేదీ గడి ఖాళీ. తేదీ అక్షరాల గడి కనుక యంత్రం దానికి మార్కు కోయదు, అంకెల గడి ఖాళీగా ఉంటేనే కోస్తుంది. అంటే అవి పరీక్షే చేయని కొళాయిలు.

ఈ పట్టికల వెబ్‌సైట్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ కంపెనీ తరఫున మా అంతస్తులో ఒక అమ్మాయి కూర్చునేది. వరంగల్ వైపు నుంచి వచ్చింది, హెచ్-వన్-బి వీసా మీద ఉంది. పనిలో గట్టిది. నన్ను 'మేడమ్' అనేది తప్ప, ఆఫీసులో చనువు తీసుకునేది కాదు. నేను వెళ్ళి కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"ఈ సున్నాలు ఎక్కడివమ్మా?" అన్నాను.

"ల్యాబ్ నుంచి రాలే మేడమ్. టెస్ట్ చెయ్యని నల్లాలకు రిజల్ట్ బ్లాంక్ వస్తది. నంబర్ కాలమ్‌ల బ్లాంక్ ఉండొద్దని డిపార్ట్‌మెంట్ గైడ్‌లైన్‌లనే ఉంది, వెబ్‌సైట్‌ల కూడా పెట్టిన్రు. మరి ఏం పెట్టాలె అని మీటింగ్‌ల అడిగిన. జీరో పెట్టు అన్నరు. పెట్టిన."

"మ్యాపులో సున్నా ఏ రంగు?"

"మ్యాప్ తర్వాత వేరే టీమ్ చేసింది మేడమ్. హద్దు కంటే తక్కువ ఉంటే..." ఆమె మాట మధ్యలో ఆగిపోయింది. కీబోర్డు మీద చేతులు అలాగే ఉండిపోయాయి. "గ్రీన్" అంది చివరికి, చాలా చిన్నగా.

చూశారా, ఇందులో దొంగ ఎవరూ లేరు. నియమం రాసినవాళ్ళు మార్కుల కోసం రాశారు. మీటింగ్‌లో చెప్పినవాళ్ళు నియమం కోసం చెప్పారు. ఈ అమ్మాయి చెప్పింది చేసింది. మ్యాపు గీసినవాళ్ళు అంకెను బట్టి రంగు వేశారు. అందరూ ఒళ్ళు దగ్గర పెట్టుకుని పనిచేస్తే తయారైన అబద్ధం అది. పారదర్శకతకు మార్కులు పెట్టుకున్న మాలాంటి చోట తప్ప ఇలాంటి పొరపాటు ఇంకెక్కడా పుట్టదు.

డేటా విభాగం డైరెక్టర్‌తో సమావేశమైంది. ఆవిడ చాలా మర్యాదస్తురాలు, గొంతు పెంచి ఎరగదు.

"దీన్ని అబద్ధం అనడం అన్యాయం. అది డిఫాల్ట్ విలువ, అంతే" అంది.

"మీ డాక్టరు రక్తం తీయకుండానే మీ షుగర్ సున్నా అని రాస్తే ఏమంటారు?" అన్నాను.

"సున్నా అయితే మనిషి పోయినట్టే కదా" అన్నాడు మా సహోద్యోగి, ఎంతో సీరియస్‌గా. నవ్వాలో వద్దో తెలియక అందరూ నా వైపు చూశారు. నేను నవ్వలేదు. నాకు ఒళ్ళు మండుతోంది.

నేను అడిగింది చిన్న పని. పరీక్ష చేయని కొళాయిలకు బూడిదరంగు చుక్క పెట్టండి, కింద 'తెలియదు' అని రాయండి, పరీక్ష అయ్యేదాకా ఆ కొళాయిలకు తొడుగులు వేయండి. ఒక్క మధ్యాహ్నం పని. డైరెక్టర్ నోట్సు రాసుకుంది, థాంక్స్ చెప్పింది, తలుపు దాకా వచ్చి సాగనంపింది. అంత మర్యాద చూసినప్పుడే నాకు అనుమానం వచ్చి ఉండాల్సింది.

తర్వాత మా పైఅధికారి, అంటే నగర ఆడిటర్, నన్ను గదిలోకి పిలిచాడు. మంచివాడే. నా భర్త ఆపరేషన్ సమయంలో ఎన్ని రోజులు సెలవు కావాలన్నా కాదనలేదు. అందుకే ఆయన మీద కోపం తెచ్చుకోవడానికి నాకు మామూలు కంటే కొంచెం ఎక్కువ సమయం పట్టింది.

"ల్యాబ్‌కు తీరిక లేదు. పరీక్షలు పూర్తయ్యేసరికి వచ్చే ఏడాది అవుతుంది. అప్పటిదాకా బూడిదరంగు పెడితే ఊరికి జబ్బు చేసినట్టుంటుంది, జనం భయపడతారు" అన్నాడు.

"జనం భయపడాలో వద్దో జనాన్నే తేల్చుకోనివ్వండి. దానికే కదా మనం ఆ మ్యాపు పెట్టింది?"

"నువ్వు గోరంతను కొండంత చేస్తున్నావు."

నివేదికను ఆయన తన చేత్తోనే దిద్దాడు. 'ఎక్కువ భాగం ప్రమాణాలకు అనుగుణంగా ఉంది' అని మొదలుపెట్టాడు. 'కాంట్రాక్టర్ సిబ్బంది సాంకేతిక పొరపాటు వల్ల కొన్ని గడుల్లో తేడాలు వచ్చాయి, వచ్చే ఏడాది సరిచేస్తారు' అని ముగించాడు. నేను రాసిన కొళాయిల వివరాలన్నీ చిట్టచివర అనుబంధంలోకి వెళ్ళిపోయాయి. నా పేరు మాత్రం మొదటి పేజీలోనే ఉంచారు. తీసేయమన్నాను. అలసిపోయావు, నాలుగు రోజులు సెలవు తీసుకో అన్నాడు. ఆ సలహా నాకు తర్వాత బాగా పనికొచ్చింది.

అంతటితో ఆగలేదు. ఆ నివేదికను కౌన్సిల్ సమావేశంలో కన్సెంట్ క్యాలెండర్‌లో వేశారు. రోజువారీ పనులు, ఎవరూ మాట్లాడక్కర్లేనివి, అన్నీ ఒక మూటగా కట్టి ఒకే ఓటుతో దాటించేసే జాబితా అది. చెట్ల కొమ్మలు కొట్టే కాంట్రాక్టుకూ, గత సమావేశం మినిట్స్‌కూ మధ్యలో మా తాగునీటి నివేదిక ఇరుక్కుని కూర్చుంది.

ఆ వారమే ఆ అమ్మాయి మధ్యాహ్నం భోజనం వేళ నా బల్ల దగ్గరికి వచ్చింది. డబ్బా తెరవలేదు.

"సాంకేతిక పొరపాటు అంటే నేనే కదా మేడమ్?"

"నీ పేరు లేదమ్మా."

"పేరు ఎందుకు, ఆ పని చేసేది నేనొక్కదాన్నే. కంపెనీవాళ్ళకు తెలుసు. ప్రాజెక్ట్ నుంచి తీసేస్తే వేరే జాబ్ దొరకాలె, లేకుంటే వాపస్ పోవాలె. అది సరే మేడమ్, నేను వేరే మాట చెప్పాలని వచ్చిన." ఆమె చుట్టూ చూసింది. "మా పాప పార్క్ దగ్గర రిక్రియేషన్ సెంటర్‌ల సమ్మర్ క్యాంప్‌కు పోతున్నది. చేర్పించే ముందు నీళ్ళు ఎట్లుంటయో అని మ్యాప్ చూసిన. గ్రీన్ ఉంది. మంచిగుంది అనుకున్న. నేను పెట్టిన జీరోనే మేడమ్ అది. నేను పెట్టిన జీరోని నేనే నమ్మిన."

పక్క కుర్చీ లాగి ఆమెను కూర్చోబెట్టాను.

"ఇప్పుడు బాటిల్ ఇచ్చి పంపుతున్న. ఆ నల్లా దిక్కు పోవద్దని చెప్పిన. ఎందుకమ్మా, అందరూ తాగుతరు కదా అంటది. ఏం చెప్పాలె? నేను బయట చెప్తే కాంట్రాక్ట్‌ల గోప్యత ఉంటది, నా జాబ్ పోతది." ఆమె కళ్ళు నిండాయి. "నా బిడ్డకు నేను బాటిల్ ఇస్తున్న. మిగతా పిల్లలకు ఎవరిస్తరు మేడమ్?"

ఆ ప్రశ్న విన్నాక ఇంకేం ఆలోచించాలి? ఆ అమ్మాయి నోరు తెరిస్తే ఇల్లు కదిలిపోతుంది. నాకేం పోతుంది? పౌరసత్వం ఉంది, పెన్షన్‌కు కావలసిన సర్వీసు ఉంది, పుట్టినప్పటి నుంచీ అందరూ తిడుతూ వచ్చిన ఈ నోరు ఉంది. ఇన్నాళ్ళకు దానికి సరైన పని దొరికింది.

"నువ్వు ముందు అన్నం తిను. మిగతాది నేను చూస్తాను" అన్నాను.

కాలిఫోర్నియాలో నాకు బాగా నచ్చిన ఆచారం ఒకటుంది. నగర కౌన్సిల్ సమావేశంలో ఎవరైనా లేచి రెండు నిమిషాలు మాట్లాడవచ్చు. ఆ ఊరివాళ్ళే కానక్కర్లేదు, పేరు కూడా చెప్పనక్కర్లేదు. పక్కింటి కుక్క మొరుగుడు గురించి మాట్లాడేవాళ్ళను, కౌన్సిల్‌కు పాట పాడి వినిపించేవాళ్ళను నేనే చూశాను. కన్సెంట్ మూటలోంచి ఏదైనా ఒక అంశాన్ని విడదీయమని కూడా కోరవచ్చు. సమావేశంలోకి వచ్చే కాగితాలన్నీ ముందుగానే జనం ముందు పెట్టాలి కనుక నా అనుబంధం కూడా అప్పటికే వెబ్‌సైట్‌లో ఉంది. అంటే నేను రహస్యమేదీ బయటపెట్టనక్కర్లేదు. బయట ఉన్నదాన్ని పైకి చదివితే చాలు.

మా పైఅధికారి సలహా ప్రకారం ఆ రోజు సెలవు పెట్టాను. డబ్లిన్ నుంచి ఎప్పటిలా 680 హైవే మీద డ్రైవ్ చేసుకుంటూ వచ్చాను, కానీ ఉద్యోగుల పార్కింగ్‌లో పెట్టలేదు. బ్యాడ్జి తీసి సంచిలో వేసుకున్నాను. మొక్క పక్కనుంచి నడిచి లోపలికి వెళ్ళి, జనం కుర్చీల్లో కూర్చుని, మాట్లాడేవాళ్ళు నింపే కార్డు నింపి క్లర్క్‌కు ఇచ్చాను. సిబ్బంది వరసలో ఉన్న మా పైఅధికారి నన్ను చూసి చెయ్యి ఊపబోయాడు. నా చేతిలోని కార్డు చూశాక ఆ చెయ్యి దించేశాడు. డైరెక్టర్ ఆయన పక్కనే ఉంది. మా సహోద్యోగి చివర్లో కూర్చుని బుగ్గ గోక్కుంటున్నాడు.

నన్ను పిలిచారు. వెళ్ళి మైకు ముందు నిలబడ్డాను. పేరు చెప్పనక్కర్లేదు కానీ చెప్పాను. తాగునీటి నివేదికను మూటలోంచి విడదీయమన్నాను. తర్వాత తెర మీద ఆ మ్యాపు పెట్టించమని అడిగాను. కౌన్సిల్ సభ్యుల్లో పెద్దావిడ ఒకరు, ఎప్పుడూ అల్లుకుంటూ కూర్చునే ఆవిడ, ఊలు పక్కనపెట్టి "పెట్టండి, చూద్దాం" అంది.

"ఈ భవనం మీద ఉన్న చుక్క నొక్కండి" అన్నాను.

క్లర్క్ నొక్కాడు. పచ్చ. సభామందిరం బయటి కారిడార్‌లోని కొళాయి. సీసం సున్నా.

"ఇంతకన్నా శుభ్రమైన నీళ్ళు ఊళ్ళో ఎక్కడా లేవు. మాట్లాడి మాట్లాడి నాకు గొంతు ఆరిపోయింది. దయచేసి మీలో ఎవరైనా వెళ్ళి ఆ కొళాయి నుంచి ఒక గ్లాసు నీళ్ళు తెచ్చిపెడతారా?"

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. అల్లికల పెద్దావిడ నిజంగానే సగం లేచింది. అప్పుడు గుర్తొచ్చినట్టుంది, మెల్లగా తిరిగి కూర్చుంది.

"అక్కడ మొక్క ఉంది" అంది మైకులో.

సభ గొల్లున నవ్వింది. డైరెక్టర్ ముఖం ఎర్రబడింది. మా సహోద్యోగి నవ్వుకు అతని కుర్చీ కూడా కదిలింది. నవ్వులు ఆగేదాకా ఆగాను, నా రెండు నిమిషాల్లోంచి అది పోతోందని తెలిసినా.

"లేని కొళాయిలోని నీళ్ళు మంచివని మనం జనానికి చెబుతున్నాం. పరీక్ష చేయలేదు కనుక ఖాళీగా ఉండాల్సిన గడిలో సున్నా పెట్టాం. ఖాళీ ఉండకూడదన్న నియమం కాంట్రాక్టర్ పెట్టింది కాదు, మన వెబ్‌సైట్‌లోనే ఉంది, ఎవరైనా చదవవచ్చు. ఆ నియమం మనది, ఆ సున్నా మనది. ఇదే పచ్చరంగు పార్కు దగ్గరి రిక్రియేషన్ సెంటర్ మీద కూడా ఉంది. అక్కడ కుండీలో మొక్క లేదు. సమ్మర్ క్యాంపు పిల్లలున్నారు. ఈ పూట కూడా వాళ్ళు ఆ నీళ్ళే తాగారు. అవి మంచివో కావో నాకు తెలియదు. మీకూ తెలియదు. ఆ తెలియదన్న మాట రాయడానికి..."

గంట మోగింది. మైకు ఆగిపోయింది. మైకు లేకుండానే "మనకెందుకంత సిగ్గు?" అని అరిచేశాను. చివరి వరస దాకా వినిపించిందని తర్వాత మా సహోద్యోగి చెప్పాడు.

ఆ రోజే ఓటు పడింది. చుక్కలు బూడిదరంగులోకి మార్చాలని, పరీక్ష కాని కొళాయిలకు తొడుగులు వేయాలని, పిల్లలు వెళ్ళే చోట్ల ముందు పరీక్షించాలని నిర్ణయించారు. కాంట్రాక్టర్ పొరపాటు అన్న వాక్యాన్ని అల్లికల పెద్దావిడే పట్టుబట్టి కొట్టేయించింది. మర్నాటికి మ్యాపు మారింది. మా పైఅధికారి అన్నంతా అయింది, ఊరికి జబ్బు చేసినట్టే ఉంది. నా కంటికి మాత్రం ఆ ఊరు అంత అందంగా అంతకుముందెన్నడూ కనిపించలేదు.

నాకు శిక్ష పడకుండా ఎలా ఉంటుంది? రిటైరయ్యేదాకా ప్రింటర్ల వాడకం మీద ఆడిట్లు చేయించారు. ఎవరు రంగుల్లో ప్రింటు తీస్తున్నారు, ఎవరు నలుపు తెలుపుల్లో తీస్తున్నారు అని. చేశాను. అందులో కూడా తెలియని చోట తెలియదనే రాశాను, పైవాళ్ళు ఎర్రసిరాతో అడ్డగీత గీసినా మళ్ళీ అదే రాశాను.

రిక్రియేషన్ సెంటర్ కొళాయి ఫలితం రెండు వారాలకు వచ్చింది. మీరు దేనికోసం ఎదురుచూస్తున్నారో నాకు తెలుసు. నీళ్ళు శుభ్రంగానే ఉన్నాయి. కొలవగలిగినంత సీసం లేదు. డైరెక్టర్ కారిడార్‌లో మొక్క దగ్గర నన్ను ఆపింది.

"చూశారా, సున్నాయే. మేము మొదటి నుంచీ చెబుతున్నది అదే. ఇంత గొడవ దేనికి?"

"మీరు చెప్పలేదండీ, ఊహించారు. ఇప్పుడు తెలిసింది" అన్నాను. "ఊహను పిల్లల చేత తాగించకూడదు."

ఆవిడకు అర్థమైందో లేదో నాకు తెలియదు. మీకు అర్థమైతే చాలు. రేపు మీ ఆఫీసులో ఎవరైనా ఖాళీ గడి చూపించి ఏదో ఒకటి పెట్టేయ్ అంటే పెట్టకండి. ఆ గడికి అవతల ఎవరి దాహం ఉందో మీకు కనిపించదు.

ఆ ఫలితం వచ్చిన మర్నాడు ఉదయం నేను ఆఫీసుకు వస్తూ దారిలో ఉండగా ఆ అమ్మాయి ఫోన్ చేసింది. క్యాంపు గేటు దగ్గర ఉన్నట్టుంది, వెనకాల పిల్లల అరుపులు వినిపిస్తున్నాయి. మొదటిసారి నన్ను మేడమ్ అనలేదు.

"ఆంటీ, ఈరోజు పాపను బాటిల్ లేకుండా పంపిన" అంది.